కోట కింద డొంక

స్పెయిన్ నడిబొడ్డున ఉన్న ఎత్తైన మైదానంలో, కాస్తీల్య నుంచి ఎస్త్రెమదూరా దాకా, పల్లెల మీదుగా కాలినడకన వెళ్లేవాళ్ల చూపు దారి మీద నిలవదు. ఎదురుగా ఏదో ఒక కొండ, ఆ కొండ నెత్తిన ఏదో ఒక కోట కనబడుతూనే ఉంటుంది. కాస్తీల్య అన్న పేరే కోటల నుంచి వచ్చింది. అందుకే నడక దారులకు రంగు గుర్తులు వేసి, పటాలు గీసి, పేర్లు పెట్టేవాళ్లు కూడా కోటనే ముందు పెట్టుకుంటారు. 11వ శతాబ్దపు వీరుడు ఎల్ సిద్ పేరు మీద బుర్గోస్ పక్కనున్న బీవార్ పల్లె నుంచి మధ్యధరా తీరం వైపు సాగే దారిలో గోర్మాజ్, అతియెంజా, హద్రాకే కోటలు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. అలా నడిచినవాళ్లకు ఈ బాటలన్నీ సైన్యాలు తొక్కి తొక్కి వేసినవనీ, కోటకూ కోటకూ మధ్య పుట్టినవనీ అనిపించడం సహజం. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. ఈ ప్రాంతంలో నేటికీ నడవడానికి మిగిలిన పొడుగాటి దారుల్లో ఎన్నింటికో ప్రాణం పోసింది గొర్రెలు, వాటి వెంట నడిచిన కాపరులు. కోటల్లో చాలా భాగం ఆ దారుల పక్కన చేరి, వాటి మీద వచ్చే రాబడితో బతికాయి. రాయి కొండ మీద ఉంది కాబట్టి అందరికీ కనిపించింది. గడ్డి కాళ్ల కింద ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆ దారిని స్పానిష్ వాళ్లు కన్యాద అంటారు. తెలుగులో దానికి కొత్త మాట వెతకాల్సిన పనిలేదు, డొంక అంటే చాలు. ఊరి పశువులు పోవడానికి పొలాల మధ్య వదిలిన, ఏ ఒక్కరి సొంతమూ కాని దారి మనకు డొంక. తేడా అంతా కొలతలో ఉంది. రాజముద్ర పడ్డ కన్యాద వెడల్పు 90 వారాలు. వారా అంటే పాత స్పానిష్ గజం. ఇప్పటి లెక్కలో 75.22 మీటర్లు, ఫుట్‌బాల్ మైదానం వెడల్పు కంటే ఎక్కువ. దాని కింది తరగతి దారి కోర్దెల్ అందులో సగం, 37.61 మీటర్లు. ఆ తర్వాతది వెరేదా, 20.89 మీటర్లు. దేశమంతా కలిపితే ఈ దారుల పొడవు దాదాపు 1,25,000 కిలోమీటర్లు, విస్తీర్ణం 4 లక్షల హెక్టార్ల పైమాట. సైన్యం నడవడానికి ఇంత వెడల్పు అక్కర్లేదు, బండి నడవడానికి అసలే అక్కర్లేదు. మంద నడుస్తూ మేస్తుంది, మేస్తూ నడుస్తుంది. దారే దానికి తిండి. అందుకే ఇవాళ మంచి స్థితిలో ఉన్న కన్యాద మీద నిలబడి చూస్తే అటూ ఇటూ దున్నిన చేలు, మధ్యలో దగ్గరగా కొరికినట్టున్న పచ్చిక, ఆ పచ్చిక నడుమ మనుషుల పాదాలు వేసిన అడుగు వెడల్పు సన్నబాట కనిపిస్తాయి. అక్కడక్కడా హద్దురాళ్లు ఉంటాయి. నడిచేవాడు తన దారి ఆ సన్నబాటే అనుకుంటాడు. నిజానికి అటు హద్దురాయి నుంచి ఇటు హద్దురాయి దాకా అంతా దారే.

ఇంత దారి ఎందుకు కావలసి వచ్చిందన్నదానికి జవాబు వాతావరణంలో ఉంది. లెయోన్, సోరియా, సెగోవియా కొండల్లో చలికాలం మంచు కప్పేస్తుంది, గడ్డి దొరకదు. దక్షిణాన ఎస్త్రెమదూరాలో, లా మాంచా అవతలి అల్కూదియా లోయలో ఎండాకాలం నేల మాడిపోతుంది కానీ, శరదృతువు వానలతో పచ్చబడి చలికాలమంతా మేత ఇస్తుంది. కాబట్టి మందలు ఆకురాలు కాలంలో దక్షిణానికి దిగేవి, వసంతంలో ఉత్తరానికి ఎక్కేవి. ఒక్కో వైపు వందల కిలోమీటర్లు, వారాల తరబడి నడక. ఈ కాపరులనూ మందల యజమానులనూ కలిపి 1273లో పదో అల్ఫోన్సో రాజు గుర్తింపునిచ్చిన సంఘమే మెస్తా. దారుల మీద తిరుగుతూ, హద్దు జరిపి దున్నుకున్న రైతుకు జరిమానా వేసే న్యాయాధికారులు కూడా దానికి ఉండేవారు. 16వ శతాబ్దం మొదట్లో మెస్తా లెక్కల్లోకి వచ్చిన గొర్రెలు దాదాపు 30 లక్షలు. మందను సుమారు వెయ్యేసి తలల గుంపులుగా విడదీసేవారు. ఒక్కో గుంపుకు ఒక పెద్ద కాపరి, కింద పనివాళ్లు, సామాను మోసే కంచరగాడిదలు, కాపలా కుక్కలు. ఆ కుక్కల మెడకు కార్లాంకా అనే పట్టీ కట్టేవారు. పట్టీ చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ముళ్లు ఉంటాయి. తోడేలు ముందుగా పట్టేది గొంతే కనుక, అది కరిస్తే దాని నోరే చీరుకుపోవాలి. ఒక్క కుక్క మెడపట్టీలో ఈ దారి మీది ప్రమాదమూ దాన్ని దాటిన తెలివీ రెండూ కనిపిస్తాయి. కోటల మ్యూజియాల్లో కత్తులకూ కవచాలకూ ఇచ్చే చోటు దానికి కూడా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇక కోట సంగతి. దక్షిణపు మేతభూములు 12, 13 శతాబ్దాల్లో క్రైస్తవ రాజ్యాలకూ ముస్లిం రాజ్యాలకూ మధ్య సాగిన యుద్ధాల్లో చాలావరకు సైనిక సన్యాస సంఘాల చేతికి వచ్చాయి. 1158లో పుట్టిన కలత్రావా సంఘం, సాంతియాగో, అల్కాంతరా సంఘాలు వీటిలో పెద్దవి. లా సెరేనా పచ్చిక బయళ్ల మీద మగసేలా, బెంకెరెన్సియా, అల్మోర్చోన్ కోటలు వరసగా కొండ గట్ల మీద నిలబడి ఉంటాయి. మూడూ అల్కాంతరా సంఘానివే. యుద్ధం దక్షిణానికి జరిగిపోయాక ఆ కోటల్లోని వాళ్లు కాపలా కాసింది గడ్డినే. మంద వాళ్ల నేల మీద మేసినందుకు మోంతాజ్గో అనే పన్ను కట్టాలి. పల్నాడు వాళ్లకు పుల్లరి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా, అచ్చం అదే. వంతెన దాటినా, ఊరి గుమ్మం దాటినా పోర్తాజ్గో అనే సుంకం వేరు. రాజు కూడా వెనకబడలేదు. 1343లో పదకొండో అల్ఫోన్సో ఈ రాబడిలో ఖజానాకు నేరుగా చేరే పెద్ద వాటాను స్థిరపరిచాడు. తాహో నది మీద తొలేదో ఆర్చ్‌బిషప్ పేద్రో తెనోరియో కట్టించి 1388లో పూర్తిచేసిన వంతెన ఉంది. ఆ వంతెన చుట్టూ పెరిగిన ఊరి పేరే ప్యూంతె దెల్ ఆర్సోబిస్పో, అంటే ఆర్చ్‌బిషప్ వంతెన. ఆ వంతెనకు ఒకప్పుడు రెండు బురుజులు ఉండేవి. నదికి అడ్డంగా బురుజు కట్టడంలో శత్రువును ఆపడం ఒక పనైతే, మందను ఆపి తలలు లెక్కపెట్టడం రెండో పని. శత్రువు ఏ తరానికో ఒకసారి వస్తాడు. మంద ఏడాదికి రెండుసార్లు వస్తుంది.

కోట ముందా దారి ముందా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటిగా జవాబు చెప్పే ఘట్టం ఒకటుంది. 1212 జూలైలో కాస్తీల్య రాజు ఎనిమిదో అల్ఫోన్సో, అరగోన్ రాజు రెండో పేద్రో, నవార్రా రాజు ఏడో సాంచో కలిసి దక్షిణానికి కదిలారు. సియెర్రా మొరేనా కొండలు దాటితేనే అవతల దిగి ఉన్న అల్మొహాద్ ఖలీఫా అల్ నాసిర్ సేనను తాకగలరు. కనుమ దగ్గర కాస్త్రో ఫెర్రాల్ అనే కోట ఉంది. అది వాళ్ల చేతికి చిక్కింది. కానీ దాని ముందున్న ఇరుకు దారిని అవతలివాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కోట చిక్కినా దారి చిక్కలేదు. ముగ్గురు రాజులు, అంత సేన, ముందుకు పోలేక వెనక్కు రాలేక కొండ మీద ఇరుక్కుపోయారు. అప్పుడు ఆ కొండల్లో మందలు కాసిన ఒక మామూలు మనిషి వచ్చి, ఎవరికీ తెలియని పక్క దారి చూపించాడు. ఆ దారిన కొండ దిగి, జూలై 16న లాస్ నావాస్ దె తొలోసా దగ్గర యుద్ధం గెలిచారు. స్పెయిన్ చరిత్రను మలుపు తిప్పిన యుద్ధంగా దీన్ని బడి పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ మలుపు తిరిగింది గొర్రెల కాపరికి తెలిసిన బాట మీద.

ఇది భక్తి కథ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల అనుమానానికి ఆధారం లేకపోలేదు. తర్వాతి కాలంలో ఆ కాపరికి పేరు పెట్టారు, దేవదూత అన్నారు, మద్రిద్ నగర రక్షకుడైన సెయింట్ ఇసీద్రోయే అలా వచ్చాడన్నారు. అయితే ఈ అలంకారాలన్నీ పక్కన పెట్టినా ఒక గట్టి పొర మిగులుతుంది. యుద్ధం అయ్యాక కాస్తీల్య రాజు పోప్‌కు రాసిన లేఖలోనే ఒక పల్లెటూరి మనిషి దారి చూపాడన్న మాట ఉంది. ఆ యుద్ధంలో స్వయంగా ఉన్న తొలేదో ఆర్చ్‌బిషప్ రోద్రీగో హిమేనెత్ దె రాదా తన చరిత్ర గ్రంథంలో ఆ మనిషి బట్టలూ వాలకమూ చూస్తే లెక్కచేయదగ్గవాడిలా లేడనీ, ఆ కొండల్లో ఒకప్పుడు మందలు కాచాడనీ చెబుతాడు. రాజులకూ బిషప్‌లకూ తమ గెలుపులో వాటాను గొర్రెల కాపరికి పంచి ఇవ్వాల్సిన అవసరం ఏమీ లేదు. దేవుడే చూపించాడని చెప్పుకోదలిస్తే దేవదూతతోనే సరిపెట్టేవారు. ఒకవేళ అది పూర్తిగా కట్టుకథే అనుకున్నా, ఆ కొండల్లో దారి ఎవరికి తెలుస్తుందని ఆనాటివాళ్లు నమ్మేవారో ఆ కథ చెబుతుంది. కోట దళపతి పేరు వాళ్ల నోట రాలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి. సరిహద్దు కోటలు లేకపోతే ఈ నేల మీద నడవడానికే వీలుండేది కాదు కదా, ముందు కోట భద్రత ఇచ్చింది, తర్వాతే మంద కదిలింది కదా అని చరిత్రకారులు అడగవచ్చు. దువేరో నది పక్కన నిలిచిన గోర్మాజ్‌ను చూపించి అడిగితే ఆ ప్రశ్నకు మరింత బలం వస్తుంది. 10వ శతాబ్దంలో కొర్దోబా ఖలీఫా రెండో అల్ హకమ్ కాలంలో దాన్ని పెంచి కట్టారు. గోడల చుట్టుకొలత కిలోమీటరు దాటుతుంది. యూరప్‌లో ఆ కాలపు కోటల్లో అంత పెద్దవి అరుదు. అది నదీ లోయ మొత్తాన్ని చూపులో పెట్టుకుంది, నిజమే. ఈ అభ్యంతరంలో సగం నేను ఒప్పుకుంటాను. వందల కిలోమీటర్లు మందను తోలుకుపోవాలంటే ఉత్తరమూ దక్షిణమూ ఒకే పాలన కిందకు రావాలి, అందుకు యుద్ధాలూ కోటలూ కారణమే. ఒప్పుకోనిది రెండో సగం. 1085లో తొలేదో, 1212లో సియెర్రా మొరేనా కనుమలు, 1248లో సెవీయ. సరిహద్దు ఇలా దిగుతూ పోయేకొద్దీ వెనక మిగిలిన కోటకు సైనికంగా పని లేకుండా పోయింది. ఏ దళమూ అటు నడవని కాలంలో కూడా ఏటా లక్షల గిట్టలు ఆ నేల తొక్కాయి, గట్టిగా ఆరేడు వందల ఏళ్లు. కొండ మీది కోట దూరాన్ని చూడటానికి కట్టింది, దానికి దారి అంటే పైకెక్కే మెలికల బాట. ఊరినీ ఊరినీ, నదినీ కనుమనూ కలుపుతూ సాగే పొడుగాటి దారి వేరే అవసరంతో పుట్టింది. అది చట్టంతో నిలిచింది, రోజువారీ వాడకంతో నిలిచింది.

పైగా మనం చూస్తున్న కోటల్లో చాలా వాటి వయసు మనం అనుకునేంత కాదు. హద్రాకే కోటను అందరూ ఎల్ సిద్ కోట అంటారు. ఎల్ సిద్ చనిపోయింది 1099లో. కొండ మీద ఇప్పుడున్న కట్టడం 15వ శతాబ్దం చివర మెందోజా వంశపు కార్డినల్ కట్టించింది. మద్రిద్‌కు ఉత్తరాన మన్సనారెస్ ఎల్ రెయాల్‌లో నడిచేవాళ్లందరూ ఫొటో తీసుకునే అందమైన కోట కూడా అదే వంశానిది, 1475లో మొదలైంది. అప్పటికి ఆ కొండలు సరిహద్దు కాకుండా పోయి దాదాపు నాలుగు వందల ఏళ్లు. ఆ చుట్టుపక్కల నేల కోసం సెగోవియా, మద్రిద్ పట్టణాలు తరతరాలు కొట్లాడుకున్నది మేత కోసం, కట్టెల కోసం. ఆ వంశం వాళ్లే తర్వాత ఇన్ఫాంతాదో డ్యూకులుగా మెరీనో జాతి గొర్రెల పెద్ద మందలకు యజమానులయ్యారు. కొండ మీద కత్తి కనిపిస్తుంది, కింద లెక్కల పుస్తకంలో ఉన్ని కనిపిస్తుంది. 1605లో అచ్చయిన డాన్ క్విక్సోట్‌లో సెర్వాంతెస్ ఈ పొరపాటునే కథగా చేశాడు. లా మాంచా దారిలో రెండు వైపుల నుంచి లేస్తున్న దుమ్ము చూసి, తలనిండా కోటలూ వీరులూ నింపుకున్న ఆ మనిషి రెండు సైన్యాలు వస్తున్నాయంటాడు. వస్తున్నవి రెండు గొర్రెల మందలు. ఆనాటి పాఠకుడికి ఆ దుమ్ము ఏమిటో ముందే తెలుసు, ఎందుకంటే అతను ఏటా చూసే దుమ్మే అది. నాలుగు వందల ఏళ్ల తర్వాత మనకే తెలియకుండా పోయింది.

రోమన్లు వేసిన రహదారుల మాటేమిటి అనేవారికి చిన్న జవాబు చాలు. మెరీదా నుంచి అస్తోర్గాకు పోయే రోమన్ బాట మీదుగానే చాలా చోట్ల వీసానా కన్యాద సాగుతుంది. రాతి పునాది రోమన్లది, నిజం. రోమ్ పోయాక ఆ బాట పొలాల్లో కలిసిపోకుండా ఎన్నో చోట్ల కాపాడిన వాటిలో మంద ఒకటి. ఆ దారి తాహో నదిని దాటే అల్కోనేతార్ దగ్గర రోమన్ వంతెన మిగిలిన ఆర్చీలు ఉండేవి. ఆనకట్ట కట్టినప్పుడు వాటిని పెకలించి మరోచోట మళ్లీ నిలబెట్టారు. పాత రేవుకు కాపలా కాసిన కోటలో మిగిలిన ఫ్లోరీపెస్ బురుజు మాత్రం అక్కడే ఉండిపోయింది. జలాశయం నిండితే దాని తల ఒక్కటే నీటిపైన కనిపిస్తుంది.

అన్నింటికంటే నిజాయితీగా జవాబు చెప్పాల్సింది మెస్తా చేసిన అన్యాయాల గురించి. కాపరి అనగానే మనకు బీదవాడు గుర్తొస్తాడు. కానీ మెస్తాలో పెత్తనం ప్రభువులది, మఠాలది. 1501 నాటి శాసనం ప్రకారం మెస్తా మంద ఒకసారి దిగిన మేతభూమి నుంచి దాన్ని వెళ్లగొట్టడానికి లేదు, కౌలు పెంచడానికీ లేదు. తన పొలాన్ని దున్నుకోవాలనుకున్న రైతుకు దిక్కు లేకుండా పోయింది. 1795లో వ్యవసాయ చట్టంపై రాసిన నివేదికలో సంస్కర్త హోవెల్యానోస్ ఈ హక్కుల్ని తీవ్రంగా ఖండించాడు. 1836లో మెస్తా రద్దయింది. ఈ విమర్శలో నాకు తప్పేమీ కనిపించదు. అయితే అది హక్కులు చేజిక్కించుకున్న పెద్దలకు తగిలే విమర్శ, 75 మీటర్ల గడ్డిదారికి తగలదు. కోటలకు ఇదే కొలత పెట్టి చూడండి. పల్లెలను పీడించి కట్టిన కోటను కూడా మనం కాపాడుకుంటున్నాం. కట్టించినవాడు మంచివాడని కాపాడుకోవడం లేదు, అది జరిగినదానికి సాక్ష్యం కనుక కాపాడుకుంటున్నాం. దారికీ అదే న్యాయం వర్తించాలి. ఒక అడుగు ముందుకేసి చెప్పాలంటే దారికే ఎక్కువ వర్తించాలి. మెస్తా పోయినా దారి ఏ ప్రభువుకూ దక్కలేదు, అందరిదిగానే మిగిలింది. కోటలు ఎన్నో ఇప్పటికీ సొంతదారుల చేతుల్లో ఉన్నాయి.

నష్టం మాత్రం దారికే ఎక్కువ జరిగింది. 1949 ఏప్రిల్ 22 నాటి ఉత్తర్వుతో స్పెయిన్‌లోని కోటలన్నిటినీ, ఏ స్థితిలో ఉన్నా సరే, రాజ్యం తన రక్షణలోకి తీసుకుంది. కూలిన గోడ అయినా సరే తొలగించకూడదంది. కన్యాదలకూ నియమాలు ఉన్నాయి కానీ గోడను దొంగిలించడం కష్టం, గడ్డినేలను దొంగిలించడం తేలిక. ఏటా నాగలి ఒక్క చాలు లోపలికి జరిగితే చాలు. రైళ్లు వచ్చి గొర్రెల్ని పెట్టెల్లో ఎక్కించాక, నడిచే మంద తగ్గాక, చూసే కన్ను లేకుండా పోయింది. కొన్ని చోట్ల తారురోడ్డు పడింది, కొన్ని చోట్ల చెత్తకుప్ప పడింది. మద్రిద్ పక్కన గలియానా కన్యాద మీద దాదాపు 14 కిలోమీటర్ల మేర వేలమంది ఇళ్లు కట్టుకుని బతుకుతున్నారు. తలదాచుకునే చోటు దొరకని పేదలు వాళ్లలో ఎందరో ఉన్నారు, వాళ్లను దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. 2011లో ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసి ఆ ముక్కను కన్యాదల జాబితా నుంచే తీసేసింది. ఏడు శతాబ్దాలు దాటిన వరస అక్కడ కాగితం మీద తెగిపోయింది.

దారిని నిలబెట్టిన పనులూ ఉన్నాయి. 1994 నుంచి ఏటా ఆకురాలు కాలంలో మందలను మద్రిద్ వీధుల గుండా తోలుకెళుతున్నారు. మెస్తాకూ నగరానికీ 1418లో కుదిరిన ఒప్పందం ప్రకారం వెయ్యి గొర్రెలకు 50 మరవేదీల చొప్పున పాత నాణేల్లో సుంకం చెల్లిస్తారు. 2023లో యునెస్కో ఈ మందల వలసను స్పెయిన్ సహా పది దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. 1995 నాటి చట్టం కన్యాదలను అమ్మడానికి వీల్లేని, ఎన్నేళ్లు ఆక్రమించినా సొంతం కాని ప్రజల ఆస్తిగా ప్రకటించింది. కాలినడకను, గుర్రపు స్వారీని ఆ దారుల మీద అనుమతించింది. స్పెయిన్ పల్లెల్లో కోటలు చూస్తూ నడవాలని బయల్దేరే తెలుగువాళ్లు ఇప్పుడు ఎందరో ఉన్నారు. కోట ఎక్కండి, తప్పకుండా చూడండి. దిగాక హద్దురాయి ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి అవతలి హద్దు దాకా ఒకసారి అడ్డంగా నడిచి చూడండి. ఎదురుగా మంద వస్తే మాత్రం పక్కకు తప్పుకోండి. ఆ దారి మీద మొదటి హక్కు పశువుదేనని అదే చట్టం చెబుతోంది.